నడుముకి పెద్దదా, జేబుకి చిన్నదా

ఆ ఆసుపత్రిలో చక్రం ఉన్న ప్రతి వస్తువూ చక్రాలన్నదే. మంచాలు, స్ట్రెచర్లు, మందుల బండి, భోజనాల బండి, సెలైన్ స్టాండు, అన్నీ ఆయన చేతి కిందే తిరగాలి. అవి తిరిగినంతసేపు ఆయన ఎవరికీ గుర్తు రాడు. ఒక్కటి కీచుమందా, ఇక "చక్రాలన్న ఏడీ" అని అన్ని అంతస్తుల్లోనూ ఒకటే కేక. అమ్మానాన్నా పెట్టిన పేరు జీతాలిచ్చే గుమస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో భార్య కూడా కోపం వచ్చినరోజు "ఏమండీ" మానేసి చక్రాలన్న అనే పిలుస్తుంది.

ఆసుపత్రి చక్రాలు పట్టేసేది తుప్పుతో కాదు, జుట్టుతో. రోగుల జుట్టు, చూడొచ్చినవాళ్ళ జుట్టు, కట్టుగుడ్డల దారాలు, దూది పింజెలు, అన్నీ నేలమీద దొర్లి దొర్లి చివరికి ఏదో ఒక చక్రం ఇరుసుకు చుట్టుకుంటాయి. చక్రాలన్న మంచం కింద బోర్లా పడుకుని వాటిని పీకుతూ, పైనున్న మనిషితో కబుర్లాడతాడు. పని పావువంతు, కబుర్లు ముప్పావు. కాలు విరిగినాయన కోడలు చూడ్డానికి ఎందుకు రాలేదు, పక్క మంచం ఆవిడ కొడుకు సంబంధం ఎక్కడ చెడింది, పెద్ద డాక్టరుగారు ఎవరిని చూస్తే నవ్వుతారు, ఇవన్నీ ఆయనకు మంచం కిందనుంచే తెలుస్తాయి. ఒక మంచం దగ్గర విన్న కబురు ఇంకో మంచం చేరేసరికి దానికి కాస్త కొమ్మలూ రెమ్మలూ వచ్చేవనుకోండి. దానికెవరూ నొచ్చుకోలేదు. పడుకున్నవాళ్ళకు పొద్దు గడవాలి కదా.

ఒక్కటే చిక్కు. ఆయన సామాన్ల పెట్టె. రేకు పెట్టె. దాన్నిండా పానాలు, సుత్తి, కటింగ్ ప్లేయర్లు, నూనె డబ్బా, ఎందుకు దాచాడో తనకే గుర్తులేని నట్లూ బోల్టులూ. ఆయన వార్డులోకి వస్తుంటే గిన్నెల దుకాణం కాళ్ళొచ్చి నడిచినట్టుండేది.

కొత్తగా వచ్చిన హెడ్ సిస్టర్‌కు చప్పుడంటే ఒంటిమీద తేలు పాకినట్టు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డంతా కునుకు తీస్తున్న వేళ చక్రాలన్న పెట్టె కింద పెట్టాడు. ఆపరేషనయి, అప్పుడే కన్నంటిన ఒకాయన ఉలిక్కిపడి లేచి, కుట్లు పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. హెడ్ సిస్టర్ వేలితో పిలిచింది.

"చక్రాలన్నా, నీ పని బాగుంది. నీ పెట్టె బాగాలేదు."

"పెట్టె లేకపోతే పనెలా అవుతుందమ్మా?"

"జేబుకో నడుముకో పట్టే పనిముట్టు ఒకటి చూసుకో. ఒకటంటే ఒకటే. ఏది కావాలో చెబితే స్టోర్‌వాళ్ళు కొనిస్తారు. సోమవారం మధ్యాహ్నం నేనే దగ్గరుండి చూస్తాను. దాంతో పని జరిగితే వార్డులు నీవే. జరక్కపోతే వార్డులకు బయట కంపెనీ మనుషులొస్తారు. నువ్వు కింద లాండ్రీలో మోటార్లు చూసుకుందువుగాని. జీతం తగ్గదులే."

జీతం గురించి ఎవరడిగారు? లాండ్రీ నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. పొద్దస్తమానం ఉతికే యంత్రాల రొద. అక్కడ బోర్లా పడుకుని ఎవరితో మాట్లాడాలి, మోటారుతోనా? దాని కోడలు ఎందుకు రాలేదని అడగాలా? ఆ దిగులుతోనే సాయంత్రం క్యాంటీన్‌లో టీ తాగుతూ నోరు జారాడు.

"అది లాండ్రీ కాదర్రా, పాతాళం. అందులోకి దిగినవాళ్ళు మాటలు మర్చిపోతారు."

సరిగ్గా వెనక బల్ల దగ్గరే లాండ్రీ అక్క కూర్చుని ఉంది. ఆ నేలమాళిగనంతా ఒంటిచేత్తో నడిపే మనిషి. గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఆనాటినుంచి ఆయన ఎదురుపడితే గోడకేసి చూస్తూ పోతోంది.

ఇక పనిముట్టు సంగతి. ఇనప సామాన్ల కొట్టాయనకు ఒక పద్ధతి ఉంది. ఒంటిమీద పెట్టుకునే పనిముట్టు ఏదైనా సరే, కొన్నాళ్ళు పెట్టుకు తిరిగితేగాని అమ్మడు. "కాలికి పెట్టి చూడకుండా చెప్పులు కొంటావా? ఇదీ అంతే" అంటాడు. ముందు కొట్లోనే వంగమంటాడు, గొంతుకూర్చోమంటాడు, నిచ్చెన ఎక్కి దిగమంటాడు. కొనడానికొచ్చిన పెద్దమనుషులు అలా కసరత్తులు చేస్తుంటే చూడ్డానికి వీధిలో పనిలేనివాళ్ళంతా ఆగిపోతారు.

ఆయన గాజుబల్ల మీద రెండు మల్టీ టూల్స్ పెట్టాడు. రెండూ మడత పట్టకార్లే. విప్పితే పట్టకారు, మడిస్తే ఇనప ముక్క. పిడుల్లో చాకు, స్క్రూడ్రైవర్, ఆకురాయి, బుల్లి కత్తెర దాక్కుని ఉంటాయి. పెద్దదాన్ని అరచేతిలో పెడితే చెయ్యి కిందికి దిగింది. దాని ముక్కు ఎద్దు మూతిలా మొద్దుగా ఉంది. చిన్నదాన్ని చొక్కా జేబులో వేస్తే ఉందో లేదో తెలియలేదు. దాని ముక్కు కొంగ ముక్కులా సన్నం.

"పెద్దదివ్వండి," అన్నాడు చక్రాలన్న, క్షణం ఆలోచించకుండా.

"నువ్వు చేసే పనేంటి?"

"చక్రాల్లో చిక్కుకున్న జుట్టు తీస్తానండి."

"జుట్టు తియ్యడానికి ఎద్దు మూతెందుకయ్యా? ముందు చిన్నది పెట్టుకు చూడు. కుదరకపోతే అప్పుడు పెద్దది. ఏదీ, ఒకసారి గొంతుకూర్చో."

కూర్చున్నాడు. వీధిలోంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చేసరికి లారీ బావ వచ్చి ఉన్నాడు. భార్యకు అన్న. లారీల షెడ్డు నడుపుతాడు. ఆయన పానా పక్కన నిలబెడితే బడికెళ్ళే పిల్లాడు పొట్టిగా కనిపిస్తాడు. చిన్నదాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, దీపం కింద పెట్టి చూశాడు.

"ఇదేంటి బావా, గోళ్ళు తీసుకునేదా?"

"మల్టీ టూల్ బావా. ఆసుపత్రి పనికి."

"మా షెడ్‌కి మాత్రం తేకు. బోల్టులు పడీపడీ నవ్వుతాయి."

"మా ఆయనేమన్నా లారీలెత్తుతాడా అన్నయ్యా, మంచాల కింద దూరేవాడికి అదే ఎక్కువ," అంది లోపల్నుంచి భార్య.

"నువ్వు ఊరుకోవే. పనివాడన్నాక నడుముకి బరువుండాలి. ఆమడ దూరంనుంచి చూసినా పనివాడని తెలియాలి."

ఆ మాట చక్రాలన్న మనసులో ముల్లులా దిగింది. భోజనం చేస్తున్నా గుచ్చుతూనే ఉంది.

మర్నాడు చిన్నది వార్డులో అదరగొట్టింది. కొంగ ముక్కు ఇరుసు సందులోకి వెన్నలోకి చాకులా దిగి, ఒక్క పట్టుతో జుట్టంతా వత్తిలా బయటికి లాగింది. కిక్కురుమన్న చప్పుడు లేదు. ఒక నర్సు "ఇవాళ చక్రాలన్న సెలవా" అని అడిగితే, ఆయన మంచం కిందనుంచి "లేదమ్మా, నీ కాళ్ళ దగ్గరే ఉన్నా" అన్నాడు. ఆ పిల్ల ట్రే వదిలేసినంత పని చేసింది. అయినా ఆయన చిన్నదాన్ని గుప్పిట్లో దాచుకునే పని చేశాడు. ఎవరు చూసి గోళ్ళు తీసుకునేదా అంటారోనని బెంగ.

చక్రాలన్నకు ఇంకో గుణం ఉంది. కబురు రుచిగా ఉంటే ఆయనకు రెండు చేతులూ కావాలి. మగవాళ్ళ వార్డులో ఒకాయన తన తోడల్లుడు ఇల్లు ఎలా కాజేశాడో చెబుతుంటే, వేళ్ళు తిప్పుతూ అడ్డుప్రశ్నలు వెయ్యడానికి పనిముట్టును పరుపు అంచున పెట్టాడు. తోడల్లుడి భాగోతం పూర్తయ్యేలోపు ఆయా వచ్చి, రోగిని కుర్చీలోకి మార్చి, దుప్పట్లన్నీ మూటగట్టి పట్టుకుపోయింది.

రేకు పెట్టె మోసినన్నాళ్ళూ భుజం లాగుతుంటే పెట్టె ఉన్నట్టు, లాగకపోతే మర్చిపోయినట్టు. ఆయన లెక్క అంతే. ఈ చిన్నది జేబులో ఉన్నా లాగదు, లేకపోయినా లాగదు. అందుకే సాయంత్రం దాకా పోయిందన్న సంగతే తెలియలేదు. తెలిశాక ఆయా దగ్గరికి పరుగెత్తాడు.

"దుప్పట్లతో పోయుంటుంది. లాండ్రీలో అడుగన్నా," అంది ఆయా.

"అడుగుతాలే," అన్నాడు.

నేలమాళిగ మెట్ల దాకా వెళ్ళాడు కూడా. కిందనుంచి వేడిగాలి, సబ్బు వాసన, యంత్రాల రొద. పాతాళమన్న నోటితో ఆవిడ ముందు నిలబడి "అక్కా" అని ఎలా అనడం? మొదటి మెట్టు మీద కాసేపు తచ్చాడి, తేలు కుట్టిన దొంగలా వెనక్కి వచ్చేశాడు. ఆవిడెలాగూ ఇవ్వదులే అనుకున్నాడు. అసలు అక్కడ పడే ఉండదులే అని కూడా అనుకున్నాడు. రెండూ తనకు అనుకూలమైన మాటలే.

మళ్ళీ కొట్టుకు వెళ్ళాడు.

"చిన్నది కుదర్లేదా?" అడిగాడు కొట్టాయన.

"కుదరకేం. పెద్దది కూడా చూద్దామని."

"చిన్నదేదీ?"

"ఇంట్లో భద్రంగా ఉందండి."

కొట్టాయన కళ్ళద్దాల పైనుంచి ఓ చూపు చూసి పెద్దది తీసి ఇచ్చాడు. ఏదన్నా అనుంటే బాగుండేది.

పెద్దది నడుముకెక్కింది. ఎక్కిన దగ్గర్నుంచి ప్యాంటు ఓ పక్కకు ఒరిగిపోయింది. బెల్టుకు కొత్త చిల్లు పెట్టి బిగిస్తే ప్యాంటు నిలిచింది గాని ఊపిరి నిలవలేదు.

"ఏమండీ, ప్యాంటు మీరు వేసుకున్నారా, అదే మిమ్మల్ని వదిలించుకుంటోందా?" అంది భార్య, గుమ్మంలో నిలబడి.

వార్డులో వంగినప్పుడల్లా పెద్దది మంచం గొట్టానికి కొట్టుకుని ఠంగుమనేది. మగవాళ్ళ వార్డులో మూలమంచం మీదున్న భారీకాయుడు నిద్రలోంచి లేచి కూర్చుని "గంట కొట్టారు, భోజనాలొచ్చాయా" అని అడిగేవాడు. రానందుకు నొచ్చుకుని మళ్ళీ పడుకునేవాడు. ఎద్దు మూతి ఇరుసు సందులో పట్టేది కాదు. చాకుతో గీకి గీకి జుట్టు తియ్యాల్సొచ్చేది. ఇన్ని బాధలున్నా, గాజు తలుపుల ముందునుంచి పోతున్నప్పుడు మాత్రం చక్రాలన్న నడక నెమ్మదించేది. తలుపులో కనిపించే మనిషి నిజంగానే ఆమడ దూరంనుంచి పనివాడిలా ఉన్నాడు.

ఆదివారం లారీ బావ వచ్చి భుజం తట్టాడు. "ఇదీ పనిముట్టంటే."

"అవునవును. రేపు మీ బావగారిని చెయ్యి పట్టుకుని లాండ్రీలో దింపొస్తుంది," అంది చెల్లెలు.

సోమవారం రానే వచ్చింది. హెడ్ సిస్టర్ పరీక్షకు ఎంచుకున్నది ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం. అది బామ్మ మంచం. తుంటి ఎముక విరిగి చేరింది. నడుము కదలదుగాని చేతులు ఊరుకోవు, పొద్దున లేచిందగ్గర్నుంచి ఊలు అల్లుతూనే ఉంటుంది. ఎవరికోసం అంటే "ఎవరికి పడితే వాళ్ళకి" అంటుంది. మొన్నామధ్య ఆవిడ ఎర్ర ఊలుండ మాయమైంది. పక్క మంచం ఆవిడే తీసిందని బామ్మ, తియ్యలేదని ఆవిడ. ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నర్సులు రాయబారం నడుపుతున్నారు.

ఇప్పుడు బామ్మ మంచం తలవైపు భాగం పైకి లేచి, అలాగే బిగుసుకుపోయింది. కాళ్ళవైపున్న పిడి తిప్పితే కిందికి దిగాలి. పిడి తిరగట్లేదు. వార్డంతా పడుకుని ఉంటే బామ్మ ఒక్కతే తీర్పు చెప్పే జడ్జిలా నిటారుగా కూర్చుని ఉంది.

"నన్ను పడుకోబెట్టు నాయనా. అందరికీ కాపలా కాస్తున్నట్టుంది."

"ఒక్క నిమిషం బామ్మా," అని చక్రాలన్న కిందికి దూరాడు. ఠంగు. మూలమంచం మగవాళ్ళ వార్డులో ఉంది గనక ఈసారి ఎవరూ భోజనం అడగలేదు. హెడ్ సిస్టర్ చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ బూట్ల కొనలు రెండూ చక్రాలన్న ముక్కుకు జానెడు దూరంలో ఉన్నాయి.

పిడినుంచి పొడుగాటి మర కడ్డీ ఒకటి మంచం నడిమికి పోతుంది. అదే బిగిసింది. పెద్దదాని ఎద్దు మూతితో కడ్డీని పట్టి మెలిపెట్టాడు. కిర్రుమంది గాని కదల్లేదు. లారీ బావ భుజం మీద తట్టిన చోట వెచ్చగా అనిపించింది. ఇంకాస్త బలం పెట్టాడు. పట్టు జారింది. పెద్దది చేతిలోంచి ఎగిరి, మంచం కిందున్న ఇనప బేసిన్‌లో పడింది.

ఆ మోత అంతా ఇంతా కాదు. బేసిన్ గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ మోగి, ఆగిందనుకున్నాక మళ్ళీ మోగింది. వార్డులో ఉన్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. "భూకంపమా" అని ఒకావిడ, "పెద్ద డాక్టరుగారు పడిపోయారా" అని ఇంకొకావిడ. చక్రాలన్న బయటికి రాలేదు. వచ్చి ఏ మొహం చూపించాలి? ఆ బేసిన్ పక్కనే బోర్లా పడుకుని, ఇక తన బతుకు మోటార్లతోనే అనుకున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుంటూ ఉతికిన దుప్పట్ల బండితో లాండ్రీ అక్క వచ్చింది.

"ఇంత మోత మా పాతాళంలో కూడా ఉండదు సిస్టర్," అంది. తర్వాత వంగి మంచం కిందికి తొంగిచూసింది. "ఏం అన్నా, అక్కడ కాపురం పెట్టావా? ఇదిగో, ఇది నీదేనట, ఆయా చెప్పింది. నువ్వే దిగొస్తావని ఇన్నాళ్ళూ చూశా. దుప్పట్లతోపాటు ఉతికాం, ఆరబెట్టాం. ఇస్త్రీ ఒక్కటే చెయ్యలేదు."

చిన్నది ఆవిడ అరచేతిలో తళతళలాడుతోంది. సబ్బు వాసనేస్తోంది.

"అక్కా..." అన్నాడు చక్రాలన్న.

"మాటలు మర్చిపోయావా? ఇంకా కిందికి రానేలేదుగా."

వార్డంతా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా. ఈలోపు హెడ్ సిస్టర్ గంజిపెట్టిన బట్టలతోనే నేలమీద కూర్చుని, టార్చి వేసి మంచం కిందికి చూస్తోంది.

"బలం పెట్టకు, ఆగు. ఆ మరల మధ్య ఎర్రగా ఏంటది?"

చక్రాలన్న తల వంచి చూశాడు. మర కడ్డీ చుట్టూ ఎర్ర దారం, సందు లేకుండా బిగుసుకుని ఉంది. పెద్దదానితో ఇంకొక్క మెలి పెట్టుంటే మర పళ్ళు అరిగిపోయి మంచం పనికిరాకుండా పోయేది. చిన్నదాన్ని అందుకున్నాడు. కొంగ ముక్కు సందులోకి దిగింది. కొస దొరికింది. లాగాడు. వచ్చింది. ఇంకా లాగాడు. ఇంకా వచ్చింది. మంచం కిందనుంచి ఎర్ర ఊలు మూరలకు మూరలు బయటికి నడిచొస్తోంది.

"అది నా ఊలు," అంది బామ్మ పైనుంచి.

"విన్నారా అందరూ," అంది పక్క మంచం ఆవిడ. "నేను తియ్యలేదని చెబితే విన్నదా?"

"తియ్యలేదనే అంటున్నాగా ఇప్పుడు."

"మరి అప్పుడేమన్నావో?"

"అప్పుడన్నది అప్పుడే అయిపోయింది. ఆ కొస కాస్త ఇటందించు, ఉండ చుట్టాలి."

ఆవిడ మూతి తిప్పుకుంటూనే అందించింది. కింద ఆయన లాగుతున్నాడు, పైన బామ్మ చుడుతోంది. ఆఖరి పోగు రాగానే హెడ్ సిస్టర్ పిడి తిప్పింది. మంచం చప్పుడు లేకుండా కిందికి దిగింది. బామ్మ ఉండ చుడుతూ చుడుతూనే దిండు దాకా దిగి, హమ్మయ్య అని కళ్ళు మూసుకుంది.

హెడ్ సిస్టర్ లేచి బట్టలు దులుపుకుంది.

"చప్పుడు చెయ్యొద్దన్నాను."

"అన్నారమ్మా."

"వార్డంతా లేపావు."

"లేపానమ్మా."

"లేపింది పెద్దది. పని చేసింది చిన్నది. స్టోర్‌కి ఏది చెప్పమంటావు?"

చక్రాలన్న బేసిన్‌లోని పెద్దదాన్ని చూశాడు. గాజు తలుపులోని మనిషి గుర్తొచ్చాడు. లారీ బావ రెండు వేళ్ళు గుర్తొచ్చాయి. బోల్టుల నవ్వు కూడా వినిపించింది. అయినా ప్యాంటు పైకి లాక్కుని, "చిన్నదేనమ్మా" అన్నాడు.

"మళ్ళీ పారేసుకుంటేనో?"

"తాడు అల్లి ఇస్తాలే," అంది బామ్మ, కళ్ళు తెరవకుండానే.

"అయితే వార్డులు నీవే," అంది హెడ్ సిస్టర్. పోతూ పోతూ, "ఆ బేసిన్ మాత్రం నువ్వే కడుగు" అంది.

బామ్మ అల్లిన తాడు చాలా పొడుగొచ్చింది, చివర్న చిన్నది పట్టే సంచీ కూడా వచ్చింది. అంతా ఎరుపే. దాన్ని మెళ్ళో వేసుకుని పెద్దది తిరిగివ్వడానికి వెళ్తే కొట్టాయన ఆ సంచీకేసి చూశాడు.

"చిన్నది ఇంట్లో భద్రంగా ఉందన్నావు?"

"భద్రంగానే ఉందండి. కాస్త శుభ్రం కూడా అయింది."

"ఏదీ, గొంతుకూర్చో." కూర్చున్నాడు. ప్యాంటు ఎక్కడిదక్కడే ఉంది. "ఇప్పుడు కుదిరింది. స్టోర్‌వాళ్ళని పంపు."

లారీ బావ మాత్రం ఆ తాడు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏంటి బావా ఇది, బడికెళ్ళే పిల్లాడి మెళ్ళో నీళ్ళసీసాలా?"

"నీ పానాకి కూడా ఒకటి అల్లించమంటావా అన్నయ్యా?" అంది చెల్లెలు. "కాకపోతే ఊరి ఊలంతా కొనాలి."

ఇక మిగిలింది ఒక్కటే పని. మర్నాడు మధ్యాహ్నం చక్రాలన్న ఆ మెట్లు దిగాడు. "నోరు జారానక్కా" అన్నాడు. యంత్రాల రొదలో వినపడక ఆవిడ "ఏంటీ" అంది. గట్టిగా అన్నాడు. ఇంకోసారి చెప్పించుకుంది. మూడోసారి చెప్పించుకుంటుంటే ఆయనకు అర్థమైంది, మొదటిసారే వినపడిందని.

"సరేలే. ఆ బండి చక్రం పట్టేస్తోంది, చూడు."

బోర్లా పడుకున్నాడు. ఆవిడ దుప్పట్లు మడుస్తూ గోడకున్న అర చూపించింది. దాన్నిండా దుప్పట్లతోపాటు కిందికి దిగొచ్చిన వస్తువులు. ఒంటరి చెవిదుద్దులు, కళ్ళద్దాలు, చేతి గడియారం, ఒక పళ్ళ సెట్టు. పై అంతస్తుల్లో ఎవరేం పోగొట్టుకున్నారో, పోగొట్టుకుని ఎవరి మీద నింద వేశారో ఆవిడకు తెలియంది లేదు. పైగా ఇక్కడ గుసగుసలాడక్కర్లేదు. అరిచి చెప్పొచ్చు, విరగబడి నవ్వొచ్చు, ఎవరూ కుట్లు పట్టుకుని లేవరు. ఆసుపత్రి మొత్తంలో ఇలాంటి చోటు ఇంకొకటి లేదు.

"ఆ పళ్ళ సెట్టు ఎవరిదో తెలుసా?" అంది అక్క. "చెబితే నమ్మవు. ఇంతకీ చక్రం అయిందా?"

చక్రం ఎప్పుడో అయిపోయింది. వేలితో తడితే గిర్రున తిరుగుతోంది. చక్రాలన్న దాన్ని అరచేత్తో పట్టి ఆపాడు.

"ఇంకా ఎక్కడక్కా, బాగా బిగిసింది. నువ్వు చెప్పు."